రెండు గంటలే కదా

కొత్తవలస,
జూన్ 12.

ఒసే యమునా, నా గున్నమ్మా,

అమ్మ రాస్తున్నది. ఉత్తరం పైన శ్రీ పెట్టలేదు, క్షేమం అని రాయలేదు. చావు జరిగిన ఇంటి ఉత్తరానికి అవి ఉండకూడదని మావయ్య అన్నాడు. ఉండొచ్చన్నా నా చెయ్యి రాయదు. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

తమ్ముడి పదకొండో రోజు అయ్యాక నువ్వు ఆటో ఎక్కుతూ అన్నావు, "ఇంక ఫోన్లో నాకేటీ సెప్పొద్దమ్మా, నీ ఫోను మాట నేను నమ్మను" అని. అంతే. వెళ్ళొస్తానని చెప్పలేదు. చావింటి నుంచి అలా చెప్పి వెళ్ళకూడదు, అది నాకూ తెలుసు. కానీ నువ్వు ఆచారం కోసం చెప్పలేదో, నా మీద కోపంతో చెప్పలేదో తెలియక ఇన్నాళ్ళుగా దొర్లుతున్నాను. అందుకే ఈ కాగితం పట్టుకున్నాను.

నువ్వు వెళ్ళిన మర్నాడే మన ఇంటికి తాళం వేసేశారు. వాడు పోయింది ధనిష్ఠా నక్షత్రంలో అని పంతులు గారు చెప్పారు కదా. గుమ్మానికి ముళ్ళకంప అడ్డం కట్టారు. ఆరు నెలలు ఎవరూ కాలు పెట్టకూడదు. నెల్లిమర్లలో నాకు ఇల్లుండీ లేనట్టే. మీ మావయ్య సూరయ్య నన్ను కొత్తవలస తెచ్చేశాడు.

వీళ్ళ ఇల్లు రైలు గేటు పక్కన. ఇనపరాయి గూడ్సు బళ్ళు పోతుంటే గూట్లో గిన్నెలు కదులుతాయి. విమానాలు కిందగా పోతాయి. ప్రతి దానికీ నేను వీధిలోకి వచ్చి నిలబడతాను. మీ అత్త నవ్వుతుంది, "ఏటొదినా, సిన్నపిల్లలాగ" అంటుంది. ఆ పిల్ల మంచిదే. కానీ నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే ఎక్కడికైనా పోవాలనీ ఉంటుంది. ఎక్కడికో తెలియదు.

ఇక్కడ హరిబాబు అని టిక్కెట్లు తీసే షాపు ఆయన ఉన్నాడు. ఆయన్ని అడిగాను, మా అమ్మాయి ఊరు ఎంత దూరం నాయనా అని. "పోర్ట్ బ్లెయిరా? విశాఖపట్నం నించి పన్నెండొందల కిలోమీటర్లు ఉంటాదమ్మా. సూటి విమానం ఉన్న రోజైతే రెండు గంటలు. ఓడెక్కితే మూడ్రోజులు" అన్నాడు. బస్సు లేదా అన్నాను. "సముద్రం మీద బస్సేటమ్మా!" అని షాపులో అందరూ నవ్వారు. నాకూ తెలుసు, ఏదో నోటికొచ్చి అడిగాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు.

రెండు గంటలు. పదకొండో రోజున కూడా పందిట్లో అందరూ అదే కదా అన్నారు. "రెండు గంటలే కదా, మరి ఆ పిల్ల రెండ్రోజులకొచ్చిందేటి? తమ్ముడి ఆకరి సూపు కన్నా పనెక్కువైపోనాదేటి?" అన్నారు. నువ్వు విన్నావు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆ రోజు ఫోన్లో వాడికి ఒంట్లో బాగులేదు అని మాత్రమే చెప్పాను. పిడుగు సంగతి చెప్పలేదు. దూరాన ఉన్నవాళ్ళకి చావు కబురు తిన్నగా చెప్పకూడదు, దారిలో గుండె ఆగిపోతుందని పెద్దలంటారు. మీ నాన్న పోయినప్పుడు మీ మేనత్తకి కూడా కాలు విరిగిందనే చెప్పాం. మావయ్య పక్కనే ఉన్నాడు, ఆయన చెప్పమన్నట్టు చెప్పాను. దానికి ఇంత కోపమా? నువ్వొక్కదానివే మిగిలావు నాకు. ఒక్క ముక్క రాయి.

మీ అమ్మ,
తాయారు


పోర్ట్ బ్లెయిర్,
జూన్ 27.

అమ్మకు,

నీ ఉత్తరం పది రోజులకి అందింది. పందిట్లో అందరూ నా రెండు రోజుల లెక్క అడిగారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నువ్వైనా విను.

మంగళవారం సాయంత్రం నీ ఫోన్ వచ్చింది. "తమ్ముడికి ఒంట్లో బాగునేదే. కంగారేటీ నేదు, పని సూసుకునే రా" అన్నావు. వాడికివ్వమంటే "పడుకున్నాడు" అన్నావు. బుధవారం పొద్దున్నే సూటి విమానం ఉంది. సీటు కూడా ఉంది. నీ అల్లుడు వెళ్ళమన్నారు, పిల్లల్ని తాను చూసుకుంటానన్నారు. నేనే వద్దన్నాను. బళ్ళు తెరిచే లోపల అరవై జతల యూనిఫాంలకి గుండీలు కుట్టి ఇవ్వాలి. అమ్మే కంగారు లేదంది కదా అనుకున్నాను. ఆ బుధవారమంతా మిషన్ తొక్కుతూ పాటలు విన్నానమ్మా. మధ్య మధ్యలో వాడికి ఫోన్లో నా మాటలు రికార్డు చేసి పంపాను.

గురువారం సూటి విమానం లేదు. చెన్నై మీదుగా వచ్చాను. చెన్నైలో అయిదు గంటలు కూర్చోవాలి. వడ తిన్నాను. పక్కన కూర్చున్నావిడకి నా తమ్ముడు ఎంత అల్లరోడో చెప్పి నవ్వించాను. వాడికి చొక్కా కొన్నాను. మన వీధిలో ఆటో దిగి, వాడిని ఉలికిపడేలా చేద్దామని చప్పుడు చెయ్యకుండా గుమ్మం దాకా వచ్చాను. లోపల నేల మీద దీపం ఉంది. దాని పక్కన వాడి ఫొటో ఉంది.

దారిలో గుండె ఆగిపోతుందని చెప్పలేదన్నావు. ఆగలేదు. ఇంటి ముందు ఆగింది.

ఇంకొకటి. చావు కబురు తిన్నగా చెప్పకూడదన్న సంగతి నాకు తెలియనిది కాదు. అప్పుడు ఏమంటారు? "సీరియస్‌గా ఉన్నాది, ఉన్నపళంగా బైలుదేరు" అంటారు. వినేవాళ్ళకి సగం అర్థమైపోతుంది, చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తుతారు. మన వైపు ఎవరైనా అలాగే అంటారు. "కంగారు నేదు, పని సూసుకునే రా" అని ఎవరంటారమ్మా? మావయ్య అలా చెప్పమన్నాడా? ఎందుకు?

బుధవారం మధ్యాహ్నం నేను పంపిన మాటలు విన్నట్టు నా ఫోన్లో నీలం గుర్తులు పడ్డాయి. వాడు లేచి విన్నాడనుకుని నిశ్చింతగా భోంచేశాను. అప్పటికి వాడు లేడు. మరి విన్నదెవరు?

ఇక్కడ మా వీధి నిండా మన జిల్లా వాళ్ళే. కబురు ఇక్కడికీ చేరింది. మొన్న నా తోడికోడలు సింధూరి, నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా, "రెండు గంటలే కదక్కా, నేనైతే ఈదుకునైనా ఎల్దును" అంది. నేను లేచి వచ్చేశాను. నాకు ఆలస్యం ఎందుకయిందో నీకు తెలుసు. అక్కడ ఒక్కరికైనా చెప్పావా?

యమున


శ్రీముఖలింగం,
ఆగస్టు 3.

గున్నమ్మా,

నీ ఉత్తరం కొత్తవలస వెళ్ళి, అక్కడి నుంచి మీ మావయ్య పంపితే ఇక్కడికి వచ్చింది. నేను ఇప్పుడు మీ పెద్దమ్మ కూర్మమ్మ దగ్గర ఉన్నాను. కొత్తవలసలో మీ మావయ్య కూతురు శ్రావణికి సంబంధం చూస్తున్నారు. పెళ్ళివారు వస్తారంటే నేను పెరట్లోకి పోవాలి. ఎవరూ పొమ్మనలేదు. మైల మనిషిని, నాకే తెలియాలి కదా. ఒక సంచిలో రెండు చీరలు పెట్టుకుని బయలుదేరాను.

కొత్తవలస నుంచి విజయనగరం, అక్కడ బస్సు మారి శ్రీకాకుళం, అక్కడ గంట నిలబడి ఇంకో బస్సు. పొద్దున్న ఏడుకి ఎక్కితే ఒంటిగంట దాటింది ఈ ఊళ్ళో దిగేసరికి. ఆరు గంటలు. ఆ లోపల నువ్వు అక్కడ ఎక్కి, ఇక్కడ దిగి, నన్నొకసారి చూసి, మళ్ళీ వెళ్ళిపోయి వంట చేసుకుందువు. మా అప్ప, అదే మీ పెద్దమ్మ కంటే నువ్వే దగ్గరగా ఉన్నావు నాకు. కండక్టరుకి కూడా చెప్పాను ఆ మాట. "అయితే ఇమానంలోనే రాకపోనావా పిన్నీ" అన్నాడు.

ఏడాది దాకా గుడిలోకి వెళ్ళకూడదు. అందరూ ముఖలింగేశ్వరుడి దగ్గరికి వెళ్తుంటే నేను వంశధార గట్టుకి పోతాను. ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాను. మీ పెద్దమ్మ వచ్చి, "ఒసే తాయారూ, నువ్వు నడిసి నడిసి గట్టరగ్గొట్టెస్తన్నావే, ఏరు ఊరి మీదికొచ్చెస్తాది, రాయే" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. ఆవిడ లేకపోతే నేను ఆ మాత్రం అన్నం కూడా తినను.

నీలం గుర్తులంటే నాకేం తెలుసే? ఫోన్‌కి ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది. ఆ రోజు ఇల్లంతా జనం. మావయ్య ఏం చెప్పమన్నాడో, నేనేం చెప్పానో ఇప్పుడు తవ్వుకుంటే ఏం వస్తుంది? జనం నాలుగు రోజులు అంటారు, మానేస్తారు. సింధూరి మాట పట్టించుకోకు, దాని నోరు మొదటి నుంచీ అంతే.

మార్గశిరం వచ్చాక నవంబరు ఆఖర్లో తాళం తీస్తారట. ఆ రోజుకి నువ్వు వస్తే నాకు ఆ గుమ్మం దాటే ధైర్యం వస్తుంది. సూటి విమానం ఉన్న రోజు చూసుకో. రెండు గంటలే.

అమ్మ


పోర్ట్ బ్లెయిర్,
సెప్టెంబరు 9.

అమ్మకు,

నేను అడిగిన దేనికీ నువ్వు జవాబు రాయలేదు. బస్సు గురించి రాశావు.

అందుకని నిన్న సూరయ్య మావయ్యకి ఫోన్ చేశాను. ముందు ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "ఏటమ్మా, ఇప్పటికి తీరికైనాదేటి నీకు?" అన్నాడు. కంగారు లేదని అమ్మ చేత నాకు చెప్పించింది నువ్వేనా అని అడిగాను. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేనేటి సెప్పించేనే? సీరియస్, ఎంటనే రా అని సెప్పమన్నాను. మా అప్ప ఫోనట్టుకుని ఆసుపత్రి మెట్ల కిందకెల్పోనాది. తిరిగొచ్చి, దానికి పనున్నాదట, సెలవు దొరకదట, రాదట అన్నాది. నేను నమ్మీసినాను. మర్నాడు ఐసు తెప్పించినాం. ఇంకో రోజుంచుదాం, రెండు గంటలే కదా, నేను మాటాడతాను, నంబరియ్యి అన్నాను. ఇయ్యనేదు. అది రాదురా, ఎత్తీండి అని మా అప్పే అన్నాది. ఆ కోపంతోటే నేను నీతో మాటాడనేదు."

పదకొండు రోజులు ఆయన నా ముఖం చూడకపోతే దుఃఖం అనుకున్నాను.

అవునా, కాదా? కాదంటే మావయ్యతో దెబ్బలాడతాను. అవునంటే ఎందుకో రాయి. రాసేదాకా నా దగ్గర నుంచి ఉత్తరం రాదు.

యమున


శ్రీముఖలింగం,
అక్టోబరు 14.

గున్నమ్మా,

అవును.

ఆ ఒక్క మాట రాయడానికి నెలైంది. కాగితాలు చింపుతుంటే మీ పెద్దమ్మ చూసి, "పరీచ్చ రాస్తన్నావేటే?" అంది. అలాగే ఉంది నాకు.

ఆ మంగళవారం మూడు గంటలకి మబ్బు కమ్మేసింది. కోసి నిలబెట్టిన నువ్వుల పనలు తడిసిపోతాయని టార్పాలిన్ పట్టుకుని వాడు పరిగెత్తాడు. టీ కాగుతోంది, తాగి పోరా అన్నాను. వచ్చి తాగుతానన్నాడు. చేలో తాటిచెట్టు మీద పిడుగు పడింది. విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అయిదు గంటలకి డాక్టరు బయటికి వచ్చి చెప్పేశాడు. మావయ్య నా ఫోన్లో నీ పేరు నొక్కి నా చేతికిచ్చాడు. సీరియస్ అని చెప్పమన్నాడు. మావయ్య తప్పేమీ లేదు.

నేను అలాగే చెబుదామనుకున్నాను. నా నోట్లో ఆ మాట ఉంది. నువ్వు ఎత్తగానే నన్ను మాట్లాడనివ్వలేదు. "అమ్మా, ఆ దొంగెదవేడే? నిన్నట్నించి ఒక మాట నేదు, పలుకు నేదు. సంపెస్తానని సెప్పు" అని నవ్వావు.

అప్పటికి నెల్లిమర్లలో అందరికీ తెలిసిపోయింది. డాక్టరుకి తెలుసు, మావయ్యకి తెలుసు, నాకు తెలుసు. అందరి దగ్గరా వాడు పోయాడు. నీ దగ్గర మాత్రం ఉన్నాడు. నువ్వు వాడిని తిడుతున్నావు. బతికున్న వాడినే అలా తిడతారు. నేను నోరు తెరిస్తే అక్కడ కూడా పోతాడు. వాడు ఉన్న ఆ ఒక్క చోటు నా నోటితో నేనే లేకుండా చెయ్యాలి. నా వల్ల కాలేదే. ఒంట్లో బాగులేదు, పడుకున్నాడు అనేశాను. రాత్రికి చెబుదామనుకున్నాను. తెల్లారితే చెబుదామనుకున్నాను.

తెల్లారాక వాడు ఇంట్లో వదిలి వెళ్ళిన ఫోన్ మోగడం మొదలుపెట్టింది. నువ్వు పంపిన మాటలు. ఆ బాణం గుర్తు నొక్కితే మనిషి గొంతు వస్తుందని వాడే నాకు నేర్పాడు. నేను నొక్కలేదు, కొంగులో చుట్టి పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వాడిని తెచ్చారు. వాన పడుతోంది. బయట అరుగు మీదే ఉంచాలి, లోపలికి తేకూడదు, నక్షత్రం బాగులేదు అన్నారు. నా కొడుకుని వానలో ఎలా వదిలేస్తాను? నేనే పట్టుపట్టి లోపలికి తెప్పించాను. ఇల్లు మూసెయ్యాల్సి వచ్చింది అందుకే. స్నానానికి నీళ్ళు తెమ్మని అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, ఆ ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టి నొక్కాను.

"ఒరే, అప్పనిరా. మాత్రేసుకున్నావా?" అన్నావు. "అమ్మని సతాయించకు" అన్నావు. "రేపటికి పీతలు తెప్పించి ఉంచు, నేకపోతే వీపు పగులుతాది" అన్నావు. ఆరు ఉన్నాయి. ఆరూ వినిపించాను. నీ నీలం గుర్తులు అవే.

ఆ తర్వాత నువ్వు రాకూడదని గట్టిగా అనుకున్నాను. నువ్వు వస్తే వాడి ముఖం చూస్తావు. అది చూస్తే నీ దగ్గర కూడా వాడు శవమైపోతాడు. చూడకపోతే నీ కళ్ళలో వాడు నవ్వుతూనే ఉంటాడు కదా అనుకున్నాను. పిచ్చిదాన్ని అనుకో. ఆ రోజు నాకు అదే న్యాయం అనిపించింది. దానికి సెలవు దొరకదట అని మావయ్యతో ముందు రోజే అనేశాను. ఎత్తేయండి అన్నాను. వాళ్ళు నిన్ను తిడుతుంటే విన్నాను. నాకు పడాల్సిన తిట్లు నీ తల మీద పెట్టి, ఊరూరూ తిరుగుతున్నాను కాలు నిలవక.

విమానాన్ని, దూరాన్ని ఏమీ అనకు. నిన్ను ఆపింది నేను.

ఇప్పుడు నువ్వు ఏం రాసినా చదువుతాను. రాయకపోయినా రోజూ పోస్టుమాన్‌కి ఎదురు వెళ్తాను.

అమ్మ


పోర్ట్ బ్లెయిర్,
నవంబరు 5.

అమ్మకు,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు మిషన్ ఎక్కలేదు. నీ అల్లుడు కూడా చదివారు. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

కోపం తగ్గిందని రాస్తే అబద్ధం. మన ఇంట్లో ఇప్పటికే ఆ సరుకు ఎక్కువైంది.

ఆ ఆరూ నేను మళ్ళీ విన్నాను. నాలుగోదాంట్లో వాడిని బాగా తిట్టాను. అది కూడా వినిపించావా? వినిపించే ఉంటావు. ఏం చెయ్యాలో తెలియక వంటింట్లో డబ్బాలన్నీ దింపి తుడిచాను, మళ్ళీ పెట్టాను. మళ్ళీ దింపాను.

ఒక సంగతి చెబుతాను. పిల్లలు మావయ్య ఎలా ఉండేవాడని అడిగితే నాకు కనిపించేది పోయిన ఏడాది నన్ను ఆటో ఎక్కించి, సంచిలోంచి జీడిపప్పు ఉండలు తీసి తింటూ చెయ్యి ఊపిన ముఖమే. ఇంకో ముఖం నాకు లేదు. నువ్వు అనుకున్నది జరిగింది. దానికి నీకు దండం పెట్టాలో, నిన్ను పట్టుకుని కొట్టాలో తెలియడం లేదు. వాడి ఆఖరి ముఖం చూడాలా వద్దా అని అనుకోవలసినదాన్ని నేను. నన్ను అడగలేదు నువ్వు. వాడు నీకు కొడుకైతే నాకు తమ్ముడు. ఎత్తుకుని తిరిగిన చంక ఇది.

తాళం తీసే రోజుకి నేను రాను. ఆ నలుగురి మధ్యా మళ్ళీ తల వంచుకుని కూర్చోలేను. నువ్వు నా దగ్గర ఏడిస్తే నా పేరు బాగుపడదు. వాళ్ళ దగ్గర చెప్పు. మావయ్యకి, పెద్దలకి, రెండు గంటలే కదా అన్న ప్రతివాళ్ళకి. వాళ్ళు తిడతారు. తిట్టనీ. చెప్పావని తెలిసిన రోజున నేను నీతో ఫోన్లో మాట్లాడతాను. చెప్పకపోతే ఆ ఇంటి గుమ్మం ఎప్పటికీ ఎక్కను, నా పిల్లలు కూడా ఎక్కరు. ఇది బెదిరింపు కాదు, ఎక్కలేను.

యమున


నెల్లిమర్ల,
నవంబరు 29.

గున్నమ్మా,

నిన్న తాళం తీశారు.

ముళ్ళకంప ఎండి గుమ్మానికి అతుక్కుపోయింది. మన వీధి చినబాబు కత్తితో కోశాడు. ముందు ఆవుని లోపలికి పంపాలి కదా, అది రానంది. గుమ్మంలో నిలబడి మా అందరినీ చూసింది. "దానికి కూడా నక్షత్రం సెప్పాలేటి పంతులుగారూ?" అని మీ పెద్దమ్మ అంటే ఆ భీమశంకరరావు గారు కూడా నవ్వేశారు. తోక మెలిపెట్టి తోలారు. నీళ్ళు చల్లారు. నేను దాని వెనకాల వెళ్ళాను. వాడి చెప్పులు తలుపు వెనక అలాగే ఉన్నాయి, బూజు పట్టి.

పెరట్లో ఆకులు వేశాం. పాతిక మంది ఉంటారు. నేనే వడ్డిస్తున్నాను. భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక అంటే ఇక ఎప్పటికీ చెప్పనని నాకే తెలుసు. ఇంతలో మన వెనక వీధి సోములు మావ ముద్ద కలుపుకుంటూ అన్నాడు, "అయితే తాయారూ, ఇయాలకి కూడా రానేదేటి నీ కూతురు? రెండు గంటలే కదా!"

పప్పు గిన్నె కింద పెట్టేశాను.

"దానికి నేను సెప్పనేదు మావా" అన్నాను. "వాడు పోనాడని సెప్పనేదు. కంగారు నేదు, పని సూసుకునే రా అన్నాను. రానన్నాదని మీకు సెప్పింది అబద్దం. అది రానననేదు. దానికి తెల్దు."

గున్నమ్మా, పాతిక మంది నోట్లో ముద్ద పెట్టుకుని ఆగిపోతే ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకలా చేశావని అడిగారు. నీకు రాసినంత చెప్పడానికి నాకు మాటలు రాలేదు. "వాడు దాని దగ్గరైనా ఉండాలనుకున్నాను" అన్నాను. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. సోములు మావ, "నువ్వు తల్లివేనేటే? ఆడపిల్లని ఆర్నెల్లు మాచేత తిట్టించినావు" అని లేచిపోయాడు. ఇంకో ఇద్దరు లేచారు. ఆ మాట ఈ మాట పెద్దదైంది. అప్పుడు మీ పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "మీకు తిట్టడానికి మనిసి కావాలి, అంతే కదా? అక్కడెక్కడో సముద్రం మద్దిన ఉన్నదాన్ని తిట్టేరు. ఇదిగో, ఇది ఎదుటే ఉన్నాది. ముందు తినండి, తిని తిట్టండి" అంది.

సూరయ్య మావయ్య విస్తరి ముందు కూర్చుని ఏడ్చాడు. చివరికి, "నా మేనకోడల్ని నా నోటితోటి తిట్టించినావే అప్పా. అది వచ్చి నా ముందు నిలబడితే మొహం తిప్పుకున్నానే" అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నాతో ఎన్నాళ్ళు మాట్లాడడో తెలియదు. నీకు ఫోన్ చేస్తాడు. ఎత్తు. పెద్దవాడు, పాపం, ఏడిస్తే ఏమీ అనకు.

నువ్వు చెప్పమన్నావని చెప్పలేదు వాళ్ళకి. నాకై నేనే చెప్పానన్నాను. అది కూడా అబద్ధమే అవుతుందా? అయితే ఇదే ఆఖరుది.

ఈ ఉత్తరం సింధూరికి చూపించు. దాని మొహం మీదే చదువు. నా రాత ఇది, నా పేరు కింద ఉంది. అక్కడ మన వాళ్ళలో ఇంకెవరైనా అంటే వాళ్ళకీ చూపించు. దాచుకోవాల్సింది ఏమీ రాయలేదు.

ఇవాళ పొద్దున్న నుంచి ఇల్లు కడుగుతున్నాను. పక్కింటి సుహాసిని రోజూ వచ్చి పలకరించేది, ఇవాళ గోడ అవతల నుంచి చూసి వెళ్ళిపోయింది. పోనీ. ఆరు నెలల తర్వాత ఒక గంట కదలకుండా కూర్చున్నాను, అరుగు మీద. మళ్ళీ లేచాననుకో.

రమ్మని అడగను. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తావు, అనిపించకపోతే లేదు. వాడిని నీకు చూపించకుండా పంపేశాను, అది నేను తిరిగి ఇవ్వలేను. ఎన్ని రోజులు తిట్టాలనుంటే అన్ని రోజులు తిట్టు, ఫోన్లోనే తిట్టు, వింటాను. నువ్వు మిషన్ ఎక్కితే ఆకలి మర్చిపోతావు, చిన్నప్పటి నుంచీ అంతే. టీతో పొద్దు పుచ్చకు. పొద్దున్న ఇంత చద్దన్నమైనా తిని కూర్చో. మధ్యాహ్నం పిల్లలకి పెట్టి ఊరుకోకు, నువ్వు కూడా కడుపు నిండా తిను.

మీ అమ్మ,
తాయారు